పేరు చెక్కిన సబ్బు

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈరోజు తలాంతును గోతిలో పాతిపెట్టిన సేవకుడి మీద మాట్లాడాను. యజమాని ఇచ్చిన సొమ్ము పెంచకుండా, ఉన్నది ఉన్నట్టు తెచ్చి చేతిలో పెట్టిన ఆ పిరికివాణ్ణి ఎండగట్టాను. స్టేషన్లో మూటలు మోసే మన ఆమెన్ గోడలు అదిరేలా ఆమెన్ అన్నాడు. ఆ కేక వల్లే వాడికి ఆ పేరు. అసలు పేరు వాడి భార్యకైనా గుర్తుందో లేదో.

ప్రసంగం అయ్యాక వాక్యం మూశాను గాని వాక్యం నన్ను మూయనివ్వలేదు. పాతిపెట్టిన తలాంతు నా ఇంటి వెనక వసారాలోనే ఉంది. మా ఇంటావిడ సబ్బులు. పెళ్ళయిన కొత్తలో మొదలెట్టింది. అదే తొట్టి, అదే తెడ్డు, అవే చెక్క అచ్చులు. కొనేవాళ్ళూ ఆ ముగ్గురే: ప్రసూతి ఆసుపత్రి నర్సమ్మ, మంగలి, బట్టలుతికే ఆవిడ. ఈ ఇంట్లో తిన్న ప్రతి ముద్దా ఆ తొట్టిలోంచే వచ్చింది, కాదనను. నా ప్రసంగం కన్నీళ్ళు తెస్తుంది, కూరగాయలు తేదు.

అయితే ఎన్నాళ్ళు ముందు గదిలో ప్రార్థన? సగం మంది మెట్ల మీద కూర్చుంటున్నారు. సబ్బు పెరిగితే మందిరం లేస్తుంది. ఇది నా కోరిక కాదు, ఆజ్ఞ.

ఆవిడతో చెప్పాను. నూనె వడగడుతూ వింది.

"పెరగాలంటే ఏం చెయ్యమంటారు?"

"విస్తరించాలి."

"తొట్టి విస్తరించదండీ. నా చేతులు రెండే."

"విశ్వాసముంటే—"

"విశ్వాసం తెడ్డు తిప్పదు."

ఆవిడకు నోరెక్కువ. సహిస్తున్నాను.

ఫిబ్రవరి 6, గురువారం

ప్రార్థనలో దొరికింది. లోకంలో ప్రతి సబ్బు మీదా ఎవడిదో ఒకడి పేరుంటుంది. మన సబ్బు మొహం నున్నగా, అనాథలా ఉంది. దాని మీద ఆయన పేరు ఉండాలి.

ముద్రలు చెక్కే అతని దగ్గరికి వెళ్ళాను. ఒక వచనం రాసిస్తే సబ్బునీ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. "అయ్యగారూ, ఇంత వచనం పట్టాలంటే సబ్బు తలుపంత ఉండాలి. ఒక్క మాట చెప్పండి" అన్నాడు.

ప్రభువు. ఒక్క మాట. ఇత్తడిలో చెక్కుతున్నాడు.

ఫిబ్రవరి 10, సోమవారం

ముద్ర వచ్చింది. చేతిలో బరువుగా, చల్లగా, కొత్త నిబంధనలా ఉంది.

ఆవిడ తిప్పి చూసి బాగుందనే అంది. "ఆరాక కొడితే సబ్బు పగులుతుంది. అచ్చులోంచి తీసిన మెత్తదనంలోనే కొట్టాలి. అయితే ఒకటి గుర్తుంచుకోండి. ముద్ర పడినంత మాత్రాన సబ్బు ఆరినట్టు కాదు."

నాకు తెలియనట్టు.

మార్చి 5, బుధవారం

ఈరోజు గొడవైంది. రాయకపోతే నిద్ర పట్టదు.

ముద్ర వేసిన మొదటి వాయి నెలకు తక్కువగా బల్లల మీద ఆరింది. అమ్మకానికి తీయబోతూ ఆవిడ ఒక సబ్బు నోటి దగ్గర పెట్టుకుంది. ఎప్పుడూ చేసేదే. నాలుక కొస ఆనించి చూస్తుంది. చురుక్కుమంటే అందులోని కాస్టిక్ సోడా ఘాటు ఇంకా చావలేదని మళ్ళీ బల్ల ఎక్కిస్తుంది. ఇన్నేళ్ళూ నేను పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ నాలుక ముందు ఉన్నది ఏ పేరు?

చెయ్యి పట్టుకుని ఆపాను. దేవుడి మందసం ఒరిగిపోతుంటే మంచికే చెయ్యి వేసినవాడు అక్కడికక్కడే పడి చచ్చిన సంగతి చెప్పాను. మంచి ఉద్దేశం వాణ్ణి కాపాడలేదు.

"వెనక వైపు ఆనిస్తాను లెండి. అటు పేరు లేదుగా."

"పేరు ఒక వైపే ఉంటుందా? సబ్బంతా వ్యాపించి ఉంటుంది."

"కాస్టిక్ కూడా అంతేనండీ."

నేను కంఠం పెంచాను. ఆవిడ పెంచలేదు. చివరికి ప్రవక్తకు అడ్డం తిరిగి నోరు విప్పిన గాడిద సంగతి ఎత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది.

"ఆ కథలో దేవదూతను చూసింది గాడిదే కదండీ. ప్రవక్తకు కనపడలేదు" అంది.

ఇంట్లో వాక్యం చదివి వినిపిస్తే వచ్చే ఫలితం ఇది.

తర్వాత కొంగుతో చెయ్యి తుడుచుకుని, "సరే, ఈ వాయి బాగానే ఆరింది, చేత్తో పట్టుకుంటే తెలుస్తోంది. ఇకపై నాలుక పెట్టను. పూచీ మీది" అంది.

పూచీ ఆయనది అన్నాను.

మార్చి 9, ఆదివారం

ప్రార్థన అయ్యాక గుమ్మంలో పెడితే మొత్తం అమ్ముడుపోయాయి. ఒక్కటి మిగల్లేదు. స్తోత్రం.

మార్చి 16, ఆదివారం

రెండో వాయి పెట్టాను. ఎవరూ తీసుకోలేదు. ఎండ ఎక్కువగా ఉంది.

మార్చి 23, ఆదివారం

ఈ వారం కూడా ఒక్కటీ పోలేదు. ఒంటి మీద మురికి, ఆత్మ మీద అంతకన్నా.

మార్చి 26, బుధవారం

పరామర్శకు నాలుగిళ్ళు తిరిగాను. ఇప్పుడు అర్థమైంది.

ఎవరూ వాడలేదు. ఒకరింట్లో గుమ్మం పైన అరలో, చనిపోయిన తండ్రి ఫొటో పక్కన. ఒకరింట్లో పెట్టెలో, కొత్త బట్టల మధ్య. ఒక ముసలావిడ దిండు కింద పెట్టుకుంది, తలనొప్పి తగ్గిందట. ఆమెన్ ఇంట్లో గోడకు మేకు కొట్టి గుడ్డ సంచిలో వేలాడదీశాడు.

"ఎందుకు రుద్దుకోలేదురా?"

వాడు గోడకు జరిగి నిలబడ్డాడు. "రుద్దుకుంటే ఆ పేరు అరిగిపోద్దిగా అయ్యగారూ. అరిగింది యాడికి పోద్ది? మోరీలోకి. ఆ పేరున్న చిత్తుకాగితం తొక్కినా పాపమని చెప్పింది తమరేగా."

చెప్పాను. ఆ రోజు వీడే అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నాడు.

అది వేరు, ఇది వేరు. ఎలా వేరో ఆదివారం వివరిస్తాను.

మార్చి 30, ఆదివారం

వివరించాను. ఎవరికీ అర్థం కాలేదు. ఆమెన్ కూడా నెమ్మదిగా అన్నాడు.

ఏప్రిల్ 3, గురువారం

మంగలి సబ్బులు తిరిగిచ్చేశాడు. "ఆ పేరు నురగ చేసి దాని మీద కత్తి ఎలా ఆడించమంటారు అయ్యగారూ? చెయ్యి వణుకుతోంది. వణికే చేత్తో గొంతుల దగ్గర పని చేయలేను" అన్నాడు.

బట్టలుతికే ఆవిడ నాతో ఏమీ అనలేదు. మా ఆవిడ చెవిలో ఏదో అంది. ఇద్దరూ నన్ను చూసి నవ్వాపుకున్నారు. తర్వాత అడిగితే, "పైబట్టలకు పర్వాలేదట. లోబట్టల దగ్గర మనసొప్పడం లేదట" అంది.

"పాత అచ్చుల్లోంచి పేరు లేనివి పోసిస్తాను వాళ్ళకి" అని కూడా అంది.

ఒక ఊటలోంచి తీపీ చేదూ రెండూ ఊరవు అన్నాను. పేరుంటే అన్నిటి మీదా ఉంటుంది.

ఏప్రిల్ 8, మంగళవారం

ఆయన తలుపు మూస్తే కిటికీ తెరుస్తాడు.

నర్సమ్మ ఆసుపత్రిలో పై అంతస్తు తెరుస్తున్నారు. మంచాలు రెట్టింపు, పసిపిల్లలు రెట్టింపు. ఆవిడకు దేవుడి భయం లేదు గనక ముద్రతో పేచీ లేదు. "నాకు సబ్బు ముఖ్యం. దాని మీద మీ పేరున్నా, మీ మేనత్త పేరున్నా ఒకటే" అంది. నెలాఖరుకి రెట్టింపు సరుకు కావాలంది. ఇస్తానన్నాను.

ఇంటికొచ్చి చెబితే ఆవిడ తెడ్డు ఆపింది.

"నన్నడగకుండా మాటిచ్చారా?"

"ఇంటి పెద్దను."

"తొట్టికి కూడా పెద్దయితే రండి, తిప్పండి."

తిప్పాను. మధ్యాహ్నానికి భుజాలు పడిపోయాయి. ఇన్నాళ్ళూ ఇది ఆవిడ ఒక్కతే ఎలా తిప్పిందో, ఆ ఓర్పులో సగం వాక్యధ్యానంలో పెట్టి ఉంటే ఎంత బాగుండేది.

ఏప్రిల్ 29, మంగళవారం

సరుకు పంపాను.

ఆవిడ ఉదయమే బల్లల దగ్గర నిలబడి, "ఇవింకా ఆరలేదండీ. రెండు వారాలు ఆగమని నర్సమ్మకు చెప్పండి" అంది.

"ఆరలేదని ఎలా తెలుసు? నాలుక పెట్టావా?"

"పెట్టలేదు. మీరు వద్దన్నారుగా."

"అయితే నీకు తెలియదన్నమాట."

నూనె డబ్బా చేతిలోకి తీసుకుంది. తర్వాత నూనె తేవడానికి బజారుకి పోయింది. ఆవిడ వచ్చేలోపు ఆమెన్ బండిలో పెట్టెలు ఎక్కించాను. మాటంటే మాటే. మన అవును అవునుగా ఉండాలి.

మే 7, బుధవారం

నర్సమ్మ వచ్చింది. ఆ సమయానికి నేను లోపలి గదిలో ప్రార్థనలో ఉన్నాను. తలుపు వేసి ఉంది.

పెట్టెలు వరండాలో దించిన చప్పుడైంది. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"అమ్మా, ఇన్నేళ్ళలో నీ సబ్బుని నేను రెండోసారి చూసుకోలేదు. ఈసారీ చూసుకోలేదు. పుట్టి ఒక రోజు కాని బిడ్డల్ని కడిగాను, ఈ చేతులతోనే. మెడ మడతల్లో, తొడల మడతల్లో తోలు లేచింది. తల్లులకు ఏం చెప్పను? సబ్బు అని చెప్పాను. ఎవరి సబ్బు అన్నారు. నీ పేరు చెప్పాను."

మా ఆవిడ పెట్టె మూత తీసిన చప్పుడైంది.

"ఆరకుండానే వచ్చాయి నర్సమ్మా."

"ఎవరు పంపారు?"

మా ఆవిడ నా తలుపు వైపు చూసింది. తలుపు మూసి ఉంది, నాకెలా తెలుస్తుంది? కాని చూసింది.

"నా తొట్టిలోవే" అంది.

నేను ప్రార్థన మధ్యలో లేవకూడదు. అది నియమం. యుద్ధం జరుగుతున్నంతసేపూ చేతులెత్తి ఉంచిన ప్రవక్త చేతులు దించగానే ఆయన జనం ఓడిపోయారని రాసి ఉంది. నేను ఆ పిల్లల కోసమే ప్రార్థిస్తున్నాను.

ముందు నుంచీ వాళ్ళ కోసమే.

మే 9, శుక్రవారం

పిల్లలకు తగ్గుతోందట. స్తోత్రం. ఆవిడ భోజనం వడ్డించింది, మాట్లాడలేదు. ఉపవాసం అనుకున్నాను, మాటలకు.

మే 11, ఆదివారం

జనం ముందు చేతులు కడుక్కుని, ఈ పాపం నాది కాదన్న అధిపతి మీద మాట్లాడాను. చాలా బాగా వచ్చింది. కంఠం కూడా సహకరించింది. ఆవిడ రెండో వరసలో కూర్చుంది. మధ్యలో లేచి పోయింది.

మే 12, సోమవారం

బావమరిది బండి తెచ్చాడు. సైకిల్ షాపు వెనక వాడికో రేకుల షెడ్డుంది, పాత టైర్లు పడేసేది. తొట్టి, తెడ్డు, బల్లలు, చెక్క అచ్చులు ఎక్కించారు. నేను వాక్యం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"ఎన్నాళ్ళకు?" అన్నాను.

"తొట్టి ఎక్కడుంటే నేనక్కడ" అంది ఆవిడ.

"భార్య స్థానం ఎక్కడో తెలుసా నీకు?"

"తెలుసండీ. తలుపుకి ఇవతల."

బావమరిది నా మొహం చూడకుండా తాడు బిగించాడు. "ఇత్తడి ముద్రా, ఆ పెట్టెలూ నీకే వదిలేశాం బావా. మేం ఏం పట్టుకుపోలేదు" అన్నాడు. వాడి వెటకారం వాడి అక్క దగ్గర నేర్చిందే.

రెండ్రోజుల్లో వస్తుంది.

మే 16, శుక్రవారం

తిరిగొచ్చిన పెట్టెలు వసారా నిండా. ఎండకి ఎండి, ఇప్పుడు మంచి సబ్బులయ్యాయనుకుంటాను. నాకు చూసే విధానం తెలియదు.

వీటిని వాడకూడదు, నేను చెప్పిందే. పారేయకూడదు. కాల్చకూడదు. పాతిపెడితే తలాంతు సేవకుణ్ణవుతాను. ఎవరికైనా ఉచితంగా ఇద్దామంటే అందరిళ్ళలోనూ ఒకటి గోడకు వేలాడుతోంది.

నేను వట్టి నీళ్ళతోనే స్నానం చేస్తున్నాను. అరణ్యంలో మిడతలు తిని బతికిన ప్రవక్త సబ్బు వాడాడని ఎక్కడా రాసి లేదు.

మే 20, మంగళవారం

రాలేదు.

మే 21, బుధవారం

రాలేదు. వంట నేనే చేసుకున్నాను. చేసుకున్నానని రాయడమే, తిన్నానని కాదు.

మే 25, ఆదివారం

ఈరోజు మెట్ల మీద ఎవరూ కూర్చోలేదు. ముందు గదిలోనే అందరూ సరిపోయారు. ఆమెన్ రాలేదు. ఆమెన్ లేకపోతే ప్రసంగం ఎక్కడ ఆపాలో తెలియడం లేదు.

సాయంత్రం బావమరిది వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అక్కకి తొట్టి దించడానికి మనిషి కావాలి బావా. నా నడుం పనికిరాదు. నిన్ను రమ్మంది."

లోపల ఏదో లేచి నిలబడింది. బయటికి మాత్రం, "తప్పు తెలిసొచ్చిందా?" అన్నాను.

"పూర్తిగా విను. ముందు నర్సమ్మ దగ్గరికెళ్ళి, ఆ సరుకు పంపింది నేనని చెప్పమంది. అంతే. కాళ్ళు పట్టుకోమనలేదు, క్షమాపణ కూడా అడగమనలేదు. రెండు ముక్కలు."

"నేను దైవసేవకుణ్ణి. ఒక నర్సుకి సంజాయిషీ ఇవ్వాలా?"

"నర్సుకి కాదు బావా" అన్నాడు. సైకిలెక్కాడు.

మే 29, గురువారం

వెళ్ళాను. చెప్పాను. ఒక విధంగా.

ఆయన కూడా జనంతో ఉపమానాలతోనే మాట్లాడాడు. ఒక తోటమాలి ఉన్నాడన్నాను. తోట అతని భార్యది. బజారులో గిరాకీ చూసి, పచ్చికాయల్ని పండ్లనుకుని పంపాడన్నాను. అతని ఉద్దేశం మంచిదే, రాజుగారికి కోట కట్టాలని. కాలం, ఎండ, గాలి, అన్నిటికీ అందులో పాలుందన్నాను. ఇంకా చెప్పబోతుంటే నర్సమ్మ చేతి గడియారం చూసుకుంది.

"అయ్యగారూ, పైన ఒకావిడకు నొప్పులొస్తున్నాయి. మా దగ్గర బిడ్డ కూడా ఇంతకన్నా త్వరగా బయటపడుతుంది. మీకు ఏం కావాలి?"

హృదయం కఠినమైనవాళ్ళకు వినే చెవులుండవు. వచ్చేశాను. నా వంతు నెరవేర్చాను.

జూన్ 1, ఆదివారం

"తోటమాలి కథ చెప్పావట" అన్నాడు బావమరిది.

"మీ అక్క ఏమంది?"

"నవ్వింది. కాసేపయ్యాక నవ్వలేదు."

జూన్ 4, బుధవారం

నేనెందుకు చెప్పాలి.

జూన్ 10, మంగళవారం

నాతాను ప్రవక్త వచ్చి రాజుకు గొర్రెపిల్ల కథ చెప్పాడు. రాజుకు అర్థమైంది. అంటే ఉపమానంలో లోపం లేదు. లోపం వినేవాళ్ళలో.

మళ్ళీ చదివాను. ఆ కథలో తప్పు చేసినవాడు వినేవాడు. చెప్పేవాడు కాదు.

పుస్తకం మూసేశాను.

జూన్ 18, బుధవారం

చెప్పాను.

నర్సమ్మ మెట్ల మీద టీ తాగుతోంది. నిలబడి చెప్పాను. "ఆ సరుకు పంపింది నేను. ఆవిడ వద్దంది." ఇంతే. నా జీవితంలో ఇంత చిన్న ప్రసంగం చేయలేదు.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"తెలుసండీ."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఆ రోజు మీ గది తలుపు కింద మీ కాళ్ళు కనిపించాయి. ప్రార్థన చేసేవాళ్ళు మోకాళ్ళ మీద ఉంటారనుకున్నాను. మీరు తలుపుకి ఆనుకుని నిలబడ్డారు." గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ, "మీ ఆవిడకీ కనిపించాయి" అంది.

నేను వెనక్కి తిరిగాను.

"ఆ మర్నాడే ఆవిడ దగ్గరికి మళ్ళీ సబ్బులకు మనిషిని పంపాను. మీరొచ్చి చెప్పాల్సిన అవసరం నాకేం లేదు. ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పుకోండి."

ఇంటికి ఏ దారిన వచ్చానో గుర్తు లేదు.

జూన్ 19, గురువారం

షెడ్డుకి వెళ్ళాను.

బయటి నుంచే గుర్తుపట్టలేకపోయాను. టైర్లు లేవు. రేకులు కొత్తవి, పక్కన ఇంకో గది లేస్తోంది. తొట్లు రెండు. ఒక తొట్టి దగ్గర ఆమెన్ తెడ్డు తిప్పుతున్నాడు, పెదవి కదపకుండా. వాడు అంత నిశ్శబ్దంగా ఉండగలడని నాకు తెలియదు. బట్టలుతికే ఆవిడ సబ్బులకు తెల్లకాగితం చుడుతోంది, ఏ రాతా లేని కాగితం. గోడ పొడవునా బల్లలు. మంగలి సరుకు కోసం కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాడు. మందిరంలో ఉండాల్సిన జనం.

ఆవిడ బల్ల దగ్గరుంది. నన్ను చూసింది.

"నర్సమ్మకు చెప్పాను" అన్నాను.

"విన్నాను."

"తొట్టి దించడానికి మనిషి కావాలన్నావు."

"అది పోయిన నెలండీ. ఇప్పుడు ఉన్నారు."

కోపంగా అనలేదు. కోపముంటే నేను జవాబు చెప్పేవాణ్ణి, నా దగ్గర వాక్యముంది. ఆవిడ అన్న తీరుకి ఎక్కడా ఏ వాక్యమూ లేదు. అందరూ పని చేసుకుంటున్నారు. ఎవరూ నన్ను ఏమీ అడగడం లేదు. అలా ఎంతసేపు నిలబడతాను? వచ్చిన మనిషికి ఏదో ఒక పనుండాలి కదా. ఒక సబ్బు ఇమ్మన్నాను.

ఆవిడ బల్ల మీది వాటిల్లో ఒకటి తీసి, నొక్కి చూసి, పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. కాగితం చుట్టి ఇచ్చింది.

జేబులో ఉన్న నోటు తీసి ఇచ్చాను. వద్దంటుందనుకున్నాను. తీసుకుంది.

చిల్లర ఇచ్చింది.